రెండో ఆటకి 'ఐజీఐ'!

మన భాషలో 'ఆట' అన్న మాట భలే గమ్మత్తైంది. మొదటి ఆట, రెండో ఆట అంటే సినిమా. పిల్లలు ఆడుకునేదీ ఆటే. సినిమా వందరోజులు 'ఆడింది' అంటాం, కుర్రాడు బాగా 'ఆడాడు' అనీ అంటాం. అంచేత ఈ సినిమా పేజీల్లో ఈ వారం ఓ కంప్యూటరు ఆట గురించి రాసినా ఎడిటరుగారు ఏమీ అనరులే అనే ధైర్యంతో మొదలెడుతున్నాను.

ఇది రీ-రిలీజుల కాలం కదా! 2022 ఆగస్టులో మహేష్‌బాబు పుట్టినరోజుకి, 2006 నాటి 'పోకిరి'ని మళ్ళీ వేశారు. ఆ ఏడాది ఆఖర్న 'ఖుషి' వచ్చింది. 2025 మే నెలలో 'జగదేకవీరుడు అతిలోకసుందరి' మళ్ళీ తెరకెక్కింది. హాల్లో చూశారుగా సందడి! తెరమీద హీరోగారు నోరు విప్పకముందే డైలాగు వెనక కుర్చీల్లోంచి వచ్చేస్తోంది. సినిమా ఏమీ మారలేదు. అదే సీను, అదే పాట, అదే ఫైటు. చూసేవాడికే వయసొచ్చింది.

మరి ఆటకి రెండో ఆట వేస్తే ఏమవుతుంది? సినిమాలో హీరో ప్రతిసారీ గెలుస్తాడు, మనం నిద్రపోయినా గెలుస్తాడు. కంప్యూటరు ఆటలో హీరో మనమే. మన చెయ్యి మందగిస్తే హీరో చచ్చూరుకుంటాడు! అందుకని పాత సినిమా చూడ్డం వేరు, పాత ఆట ఆడటం వేరు. ఈ సంగతి తేల్చుకుందామనే పాతికేళ్ళు నిండిన ఓ ఆటని పోయిన నెల్లో మళ్ళీ ఆడాను. దాని అసలు పేరు 'ప్రాజెక్ట్ ఐజీఐ'. మన ఊళ్ళల్లో ఆ 'ప్రాజెక్టు' ఎవరిక్కావాలి, అందరికీ 'ఐజీఐ' అంతే.

★

తెలియనివారికి ముందుగా కథ చెప్పాలి. తెలిసినవారు ఈ పేరా దాటెయ్యొచ్చు, కానీ దాటరని నాకు తెలుసు!

హీరో పేరు డేవిడ్ జోన్స్. బ్రిటిషు సైన్యంలో ఎస్ఏఎస్ అనే దళంలో పనిచేసి బైటికొచ్చినవాడు. ఎక్కడో ఓ అణుబాంబు దొంగతనమైంది. దాని ఆచూకీ ప్రిబోయ్ అనే ఆయుధాల వ్యాపారికి తెలుసు. ముందు వాణ్ణి పట్టుకోవాలి, వాణ్ణి పట్టుకుని బాంబు దాకా వెళ్ళాలి. దారికడ్డంగా ఎక్ అనే విలనీ. అవును, ఆడవిలనే! హీరోయిను లేదు. ఉన్నదల్లా చెవిలో ఓ ఆడగొంతు. ఆవిడ పేరు ఆన్యా. ఎక్కడికెళ్ళాలో, ఏం చెయ్యాలో చెప్తుంది. పాటల్లేవు, కామెడీ ట్రాకు లేదు. రైల్వే యార్డు, క్షిపణుల స్థావరం, సైనిక విమానాశ్రయం, సరిహద్దు, అణుకేంద్రం... ఇలా మొత్తం 14 మిషన్లు. హీరో ఒక్కడే. వెనకాల దళం లేదు, పక్కన స్నేహితుడు లేడు.

'ఐజీఐ' అంటే 'అయామ్ గోయింగ్ ఇన్'. మన మాటల్లో చెప్పాలంటే, 'లోపలికెళ్తున్నా!'

ఇదేమంత కొత్త కథ అంటారా? నిజమే. 1966లోనే మన కృష్ణగారు 'గూఢచారి 116'గా, జయలలితగారు హీరోయినుగా, ఈ గూఢచారి సరదా అంతా తీర్చేశారు. కాకపోతే కృష్ణగారు లోపలికెళ్తుంటే మనం కుర్చీలో కూచుని చూశాం. ఇక్కడ కెమెరా హీరో కంట్లోనే ఉంటుంది. తెర అడుగున తుపాకి పట్టుకున్న చెయ్యి కనబడుతుందే, అది మనదన్నమాట.

సినిమావాళ్ళకీ ఈ పద్ధతి కొత్త కాదు. 1947లో హాలీవుడ్డులో రాబర్ట్ మాంట్‌గోమరీ 'లేడీ ఇన్ ది లేక్' అనే సినిమాని దాదాపు మొత్తం హీరో కళ్ళలోంచే తీశాడు. హీరో మొహం చూడాలంటే అతను అద్దం ముందు నిలబడాలి! 2016లో 'హార్డ్‌కోర్ హెన్రీ' వచ్చింది, అదీ ఇదే పద్ధతి. ఇలాంటి సినిమాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఎందుకంటే, కళ్ళు మనవయ్యాక కాళ్ళు కూడా మనవి కావాలనిపిస్తుంది. సినిమా ఆ కాళ్ళివ్వలేదు. ఆట ఇచ్చింది.

★

ఇహ ఈ ఆట పుట్టుక. ఇది అమెరికా సరుకూ కాదు, జపాను సరుకూ కాదు. నార్వే దేశంలో ఓస్లో నగరంలోని ఇన్నర్‌లూప్ స్టూడియోస్ అనే చిన్న సంస్థ తయారుచేసింది. ఐడోస్ అనే బ్రిటిషు సంస్థ 2000 డిసెంబరులో విడుదల చేసింది.

అప్పటికే ఈ తుపాకి ఆటల్లో పెద్ద పెద్ద హిట్లున్నాయి. 1992లో 'వుల్ఫెన్‌స్టైన్ 3డి', 1993లో 'డూమ్', 1998లో 'హాఫ్-లైఫ్'. వాటిలో మనం చాలామటుకు గదులూ వరండాలూ పట్టుకుని తిరుగుతాం. తలుపు తీస్తే శత్రువు, మలుపు తిరిగితే శత్రువు. ఊపిరాడనివ్వవు. అదే వాటి మజా.

'ఐజీఐ' మొదలవగానే మనం ఓ కొండమీద నిలబడి ఉంటాం. కింద, అల్లంత దూరాన, ముళ్ళకంచె మధ్యలో సైనిక స్థావరం. కాపలా బురుజులు, షెడ్లు, చీమల్లా తిరుగుతున్న సిపాయిలు. గాలి చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. అక్కడికి మనమే దిగి వెళ్ళాలి. ఎటునించి వెళ్తావో నీ ఇష్టం.

అంత దూరం, అంత మైదానం ఓ చిన్న సంస్థకి ఎలా కుదిరిందయ్యా అంటే, వాళ్ళు అంతకుముందు తీసింది 'జాయింట్ స్ట్రైక్ ఫైటర్' అనే విమానాల ఆట! యుద్ధవిమానం ఎగరాలంటే మైళ్ళకొద్దీ నేల కావాలి కదా. ఆ నేలని గీసే యంత్రాంగాన్నే తెచ్చి ఈ ఆటకి వాడుకున్నారు. పైనుంచి చూడ్డానికి పుట్టిన నేలమీద ఓ మనిషిని కాలినడకన వదిలిపెట్టారన్నమాట. మన సినిమావాళ్ళు పౌరాణికానికి వేసిన కోట సెట్లో జానపదం తీసేసినట్టు!

ఇంకో సదుపాయం కూడా ఉంది. జోన్స్ దగ్గరో చిన్న కంప్యూటరుంటుంది. అది తెరిస్తే ఉపగ్రహం కంటితో స్థావరమంతా పైనుంచి కనబడుతుంది. దగ్గరికి లాక్కుంటే ఏ సిపాయి ఎటు నడుస్తున్నాడో కూడా తెలుస్తుంది. ముందు పటం చూసుకోవాలి, తర్వాత బైనాక్యులర్స్‌తో చూసుకోవాలి, అప్పుడు అడుగెయ్యాలి. తొందరపడితే పని చెడుతుంది.

★

సరే, పాతికేళ్ళయ్యాక చూస్తే ఎలా ఉంది? మొహమాటం లేకుండా చెప్పాలంటే, బొమ్మ ముసలిదైపోయింది.

మనుషుల మొహాలు అట్టముక్కలు అతికించినట్టున్నాయి. కొండలు మడతపెట్టిన దుప్పటిలా ఉన్నాయి. చెట్టు దగ్గరికెళ్తే అది చెట్టు కాదు, చెట్టు ఫొటో! నిచ్చెన ఎక్కేటప్పుడు కెమెరా ఉన్నట్టుండి మన కంట్లోంచి బైటికొచ్చి, వెనకనించి మన వీపు చూపిస్తుంది. కిందకి దిగగానే మళ్ళీ కంట్లో దూరుతుంది.

సిపాయిల తెలివి గురించి అడక్కండి. పక్కన నడుస్తున్నవాడు దబ్బున పడిపోయినా, 'వీడికేమైందబ్బా' అని ఒక్కడూ చూడడు. తన దారిన తను నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. అదే అలారం మోగిందా, అప్పుడు చూడాలి! ఓ చిన్న గది తలుపులోంచి సిపాయిలు ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉంటారు. పదిమంది పట్టని గదిలోంచి పాతికమంది. వీళ్ళంతా ఎక్కణ్ణుంచి ఊడిపడుతున్నారని అప్పట్లో మాలో మాకు పెద్ద చర్చ. మన పాత సినిమాల క్లైమాక్సులో డెన్నులోంచి చారల బనీన్లవాళ్ళు వస్తారే, అచ్చం అలాగే!

ఇవన్నీ లోపాలే. ఆట వచ్చిన కొత్తలో విమర్శకులు కూడా వీటిని ఏకేశారు. అన్నిటికంటే గట్టిగా ఏకింది మరో సంగతిని. ఆ సంగతి దగ్గరే ఈ ఆట ప్రాణమంతా ఉంది.

అదేమిటంటే, మిషను మధ్యలో 'సేవ్' లేదు.

ఈనాటి ఆటలు ఆడే తమ్ముళ్ళకి ఇది అర్థం కావడం కష్టం. ఇప్పుడు పది అడుగులేస్తే ఆట తనంతట తనే భద్రం చేసుకుంటుంది. చచ్చిపోతే ఆ పది అడుగుల వెనక నించి మళ్ళీ లేస్తాం. 'ఐజీఐ'లో అరగంటో ముప్పావుగంటో కష్టపడి, కంచె దాటి, కెమెరాల కన్నుగప్పి, తాళం తీసి, ఆఖరి మెట్టుమీద ఓ గుండు తగిలిందనుకోండి. మళ్ళీ మొదటి కొండమీదికే! మిషను పూర్తయితేనే లెక్క. 2003లో వచ్చిన రెండో భాగం 'ఐజీఐ 2: కోవర్ట్ స్ట్రైక్'లో మధ్యలో భద్రం చేసుకునే వీలిచ్చారు, అదీ ఇన్నిసార్లే అని లెక్కపెట్టి ఇచ్చారు. మొదటిదాంట్లో మాత్రం సున్నా.

★

ఇప్పుడు ఈ సున్నాని గుంటూరు తీసుకెళ్తాను. ఎందుకంటే నేనూ నా స్నేహితులూ ఈ ఆట ఆడింది అక్కడే. 2002లో, అరండల్‌పేటలో ఓ నెట్ సెంటర్లో. మేం ఇంటరు చదువుతూ ఎంసెట్ కోచింగు కెళ్తున్న రోజులు.

నెట్ సెంటరు అంటే ఓ ఇరుకుగది, ఎనిమిది కంప్యూటర్లు, మధ్య మధ్య ప్లైవుడ్డు చెక్కలు. కీబోర్డుమీద 'డబ్ల్యూ' అక్షరం అరిగిపోయి ఉండేది. హీరో ముందుకి నడవాలంటే నొక్కేది అదే మరి! మౌసు అడుగున బంతి ఉండేది. దానికి పట్టిన మురికి గోటితో గీకితే గానీ తుపాకి తిన్నగా తిరిగేది కాదు. గంటకి 20 రూపాయలు. ఆ 20 రూపాయలు ఒక్కడి జేబులో ఎప్పుడూ ఉండేవి కావు. అంచేత నలుగురం తలా 5 రూపాయలు వేసుకునేవాళ్ళం.

సేవ్ లేని ఆటకీ, గంటకి లెక్కకట్టే అద్దెకీ ముడిపడితే ఎలా ఉంటుందో ఆలోచించండి! యాభయ్యో నిమిషంలో హీరో చచ్చిపోతే పోయింది హీరో ప్రాణమొక్కటే కాదు, నలుగురి డబ్బులు. ఇక వేసవికాలంలో కరెంటు పోయిందా, యూపీఎస్ కీచుకీచుమంటూ రెండు నిమిషాలు అరిచి ఊరుకునేది. ఆ రెండు నిమిషాల్లో మిషను పూర్తిచెయ్యాలి. నేను సినిమాహాల్లో చాలా సస్పెన్సులు చూశాను గానీ, ఆ యూపీఎస్ అరుపుకి సాటి వచ్చే రీ-రికార్డింగు ఇంతవరకూ వినలేదు.

అసలు విచిత్రం ఇంకోటి. 'ఐజీఐ' ఒక్కడు ఆడే ఆట. ఇద్దరు కలిసి ఆడే వీలే అందులో లేదు. 'ఐజీఐ' వచ్చిన ఏడాదే నవంబరులో డబ్బాలో పెట్టి అమ్మిన 'కౌంటర్-స్ట్రైక్' అయితే పదిమంది కలిసి ఆడుకోవచ్చు. ఇందులో అదేం లేదు. హీరో ఒంటరివాడు, ఆడేవాడూ ఒంటరివాడే అని ఓస్లోలో దాన్ని తీసినవాళ్ళు అనుకుని ఉంటారు. గుంటూరులో మాత్రం మేం నలుగురం ఆడాం! ఒకడు మౌసు దగ్గర, గురిచూసి కాల్చడం వాడి పని. ఇంకొకడు కీబోర్డు దగ్గర, నడవడం, వంగడం వాడి డిపార్టుమెంటు. మూడోవాడు గడియారం చూస్తూ ఓనరుగారి కంటచూపు కనిపెట్టుకుని ఉండాలి. నాలుగోవాడు వెనక నిలబడి దారి చెప్పాలి.

ఆ నాలుగోవాడి గురించే ఈ వారం నేను చెప్పదలచుకున్నది.

అతన్ని మేం 'మ్యాపు' అని పిలిచేవాళ్ళం. కెమిస్ట్రీ నోట్సు వెనక పేజీల్లో స్థావరాల పటాలు గీసేవాడు. నిచ్చెన ఎక్కడుంది, కెమెరా ఎటు తిరుగుతుంది, బురుజుమీద ఎంతమంది, అలారం మీట ఏ గోడకుంది, అన్నీ గుర్తులేసి పెట్టేవాడు. ఆన్యా చెవిలో ఇంగ్లీషులో చెప్తుండేది. అది మాకు సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. మ్యాపు చెప్పేది మాత్రం అక్షరం పొల్లుపోయేది కాదు. "ఆగు... ఆగు... వాడు తిరగనీ... ఇప్పుడు పద!" అతను 'పద' అంటే పదే! మా జోన్స్‌కి ఆన్యా అతనే.

లెక్క చెప్పాలంటే అతనితో కలిసి మేం ఐదుగురం. నలుగురు డబ్బులిచ్చేవాళ్ళు, నలుగురు ఆడేవాళ్ళు. డబ్బులిచ్చేవాళ్ళలో ఒకడికి ఆటంటే భయం, ఉత్తినే చూసేవాడు. ఆడేవాళ్ళలో డబ్బు ఇవ్వనివాడు మ్యాపు. అతన్ని మేమెప్పుడూ అడగలేదు. అతనెప్పుడూ మౌసు ముట్టుకోలేదు.

★

ఇప్పుడు ఈనాటికి వద్దాం. పాత సీడీ దొరికింది. ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటరొకటి మా అక్కయ్యగారింట్లో అటకమీద ఉంది. దులిపి, వైర్లు తగిలించి, కూచున్నాను. పక్కన మా మేనల్లుడు. వాడికి పదహారేళ్ళు. ఫోన్లో వందమందితో కలిసి 'బీజీఎంఐ' ఆడే రకం.

బొమ్మ చూసి ముందు పడీపడీ నవ్వాడు. "మావయ్యా, ఈ చెట్టేంటి మావయ్యా!" అన్నాడు. ఆడరా చూద్దాం అని మౌసు వాడికిచ్చాను. కొండ దిగి, పరుగెత్తుకుంటూ గేటు దగ్గరికెళ్ళి, ఆరు సెకన్లలో చచ్చిపోయాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ చచ్చాడు. నాలుగోసారి కంచె దాటి సగం దూరం పోయి అడిగాడు.

"మావయ్యా, సేవ్ ఎక్కడుంది?"

"లేదురా."

"లేదంటే? ఇప్పుడు చచ్చిపోతే?"

"మళ్ళీ కొండమీదికే."

వాడు మౌసుమీంచి చెయ్యి తీసేశాడు. తీసి, కుర్చీ ముందుకి లాక్కుని, మళ్ళీ పెట్టాడు. ఈసారి పరుగెత్తలేదు. బైనాక్యులర్స్ తీశాడు. పటం తెరిచాడు. సిపాయి అటు తిరిగేదాకా ఆగాడు. ఇరవై నిమిషాలు వాడి నోట్లోంచి మాట రాలేదు. నవ్వూ రాలేదు. ఆ చెట్టు ఫొటో చాటునే నక్కి కూచున్నాడు!

బొమ్మ ముసలిదైనా భయం ముసలిది కాలేదని నాకు అక్కడ తెలిసింది. చెట్టు చెట్టులా లేకపోయినా ఫరవాలేదు, దాని చాటున ఉంటే బతుకుతామన్నది నిజమైతే చాలు. పాత జానపదాల్లో కాంతారావుగారి కత్తి అట్టదని తెలిసినా మనం ఊపిరి బిగబట్టి చూడలేదూ?

ఆఖర్లో అలారం మోగింది. వాడు చచ్చిపోయాడు. కాసేపు తెరవైపే చూసి ఓ మాటన్నాడు.

"మావయ్యా, ఇందులో మనతో ఎవరూ ఉండరు కదా. నీకు బోరు కొట్టలేదా?"

దానికి జవాబుగా నేను ఫోను తీసి ఒంగోలు చేశాను.

★

మ్యాపు ఇప్పుడు ఒంగోల్లో ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. అప్పుడప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం గానీ ఈ ఆట ఊసు వచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. అటునించి బస్తాలు దింపుతున్న చప్పుడు. ఫోను స్పీకర్లో పెట్టి, మేనల్లుణ్ణి మళ్ళీ మొదలెట్టమన్నాను. "ఒరేయ్, ఐజీఐ ఆడుతున్నాం. కంచె దాటాం. బురుజు ఎదురుగా ఉంది. ఎటు పోవాలి?" అన్నాను. అంతే, ఇంకో ముక్క చెప్పలేదు.

ఓ క్షణం చప్పుడు లేదు. తర్వాత అన్నాడు గదా, "బురుజుమీదున్నవాణ్ణి ముందు తీసెయ్యండి. ఎడంపక్కకి పోవద్దు, కెమెరా ఉంటది. కుడిపక్క షెడ్డు వెనకాల ఇంకొకడున్నాడు, వాడు మీకు ఇప్పుడు కనపడడు..." మధ్యలో ఎవరితోనో, "యూరియా రెండు బస్తాలా? ఆ పక్కన కూచోండి బాబాయ్, ఒక్క నిమిషం" అని, మళ్ళీ మాతో, "ఆగండి... వాడు తిరగనీండి... ఆఁ, ఇప్పుడు పదండి!"

షెడ్డు వెనకాల ఉన్నాడండీ ఆ ఒక్కడూ! మా మేనల్లుడు ఫోనుకేసి చూసిన చూపుని ఏ కెమెరామాన్ అయినా పట్టుకుని ఉంటే బాగుండేది. ఆ మిషను ఆ పూట పూర్తయింది. ఆటలో సేవ్ లేదన్నానా? పూర్తిగా లేకపోలేదు. ఒంగోల్లో ఎరువుల కొట్లో ఉంది.

వాడు సంబరంగా లోపలికి పరుగెత్తాక ఫోను చెవి దగ్గర పెట్టుకుని అడిగాను. "ఒరేయ్, ఇంత తెలిసినవాడివి, ఒక్కసారైనా మౌసు పట్టుకోలేదేంట్రా అప్పట్లో?"

నవ్వాడు. "పట్టుకుంటే చచ్చిపోతాం కదరా. చచ్చిపోతే పోయేది మీ డబ్బులు. నేను వేసింది లేదాయె" అన్నాడు. అనేసి, బాబాయికి యూరియా బిల్లు రాయాలని ఫోను పెట్టేశాడు.

★

ఆ ఇన్నర్‌లూప్ సంస్థ 2003లోనే మూతపడిపోయింది. రెండో భాగం వచ్చిందీ ఆ సంవత్సరమే. ఓస్లోలో ఆ కొద్దిమందీ తమ ఆటని గుంటూరు సందుల్లో, ఎనిమిది కంప్యూటర్ల ఇరుకుగదిలో, ఒక్కడి బదులు నలుగురు ఆడారని కలలో కూడా అనుకుని ఉండరు. సినిమాకైతే రీళ్ళుంటాయి, ప్రింట్లుంటాయి, రంగులు దిద్ది మళ్ళీ విడుదల చేసేవాళ్ళుంటారు. ఆటకి సీడీ ఉన్నా, దాన్ని ఆడించే పాత కంప్యూటరుండాలి. కంప్యూటరున్నా, పక్కన కూచునే మనిషుండాలి. ఆ మూడోదాన్ని ఏ కంపెనీ రీ-రిలీజు చెయ్యలేదు.

అందుకని తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఓ చిన్న సలహా. మీ ఇంట్లో బాబాయో, మావయ్యో, అన్నయ్యో, నెట్ సెంటర్లలో పెరిగినవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. 'మీ రోజుల్లో ఏ ఆట ఆడేవారు' అని కాదు, 'మీ పక్కన ఎవరు కూచునేవారు' అని అడిగి చూడండి. కథ అప్పుడు మొదలవుతుంది. వీలైతే ఆ ఆట తెచ్చి ఇద్దరూ కలిసి ఆడండి. బొమ్మ చూసి నవ్వుకోండి, తప్పులేదు. ఇరవై నిమిషాలయ్యాక నవ్వు ఆగిందో లేదో నాకు ఉత్తరం రాయండి.

అన్నట్టు, వచ్చే నెల్లో పెళ్ళి పనిమీద మ్యాపు మా ఊరొస్తున్నాడు. కుర్చీ వేసి మౌసు అతని చేతికే ఇవ్వాలని మా మేనల్లుడు ఇప్పటికే తీర్మానించేశాడు. వెనక నిలబడి దారి తను చెప్తాడట! కెమిస్ట్రీ నోట్సు వెనక పేజీల్లో నాలుగు పటాలు కూడా గీశాడు. వాళ్ళమ్మ చూడకుండా ఉంటే బాగుండును.

డబ్బుల సంగతంటారా? కరెంటు బిల్లు మా బావగారిది. మ్యాపు ఎన్నిసార్లు చచ్చినా ఇబ్బంది లేదు!